దక్షిణం వైపు పడిన నీడ

డెబ్బైల మొదట్లో మేమిద్దరం కొండాపూర్ బడిలో పనిచేసేవాళ్ళం. మా ఆయన లెక్కలూ సామాన్యశాస్త్రమూ చెప్పేవారు, నేను తెలుగు. కొత్తగూడలో కిరాయికి ఉండి, బండరాళ్ల మధ్య కాలిబాటన బడికి నడిచి వెళ్ళేవాళ్ళం.

ఆయన హాలెండులోని ఒక బడితో కలిసి ఒక పని తలపెట్టారు. ఒకే రోజున రెండు బళ్ళ పిల్లలూ మీటరు కర్ర నిలువుగా పాతి, మిట్టమధ్యాహ్నం దాని నీడ కొలవాలి. రెండు కొలతల నుంచీ భూమి ఎంత పెద్దదో లెక్క కట్టాలి. జాబు వెళ్ళి జవాబు రావడానికి నెల పట్టేది. కర్ర ఎత్తు తేల్చుకునేసరికే చలికాలం వచ్చింది. ఆ చలికాలంలో ఆయన పిల్లలతో కర్ర పాతించి, మధ్యాహ్నపు నీడ పడినచోట, ఉత్తరంగా, పలకరాళ్ళు వరసగా పేర్పించారు. సున్నం గీత అయితే వానకు చెరిగిపోతుందన్నారు. తర్వాత అవతలి టీచరు కర్రా దాని నీడా బొమ్మ గీసి పంపుతూ రాసింది, తమ దగ్గర చలికాలం ఎండ నమ్మడానికి లేదని, జూన్ ఇరవై ఒకటిన కొలుద్దామని. ఆయన సరేనన్నారు.

మే నెలలో ఆయనకు కామెర్లు వచ్చాయి. దవాఖానలో చేరిన వారానికి పోయారు.

బడి తెరిచాక పెద్దసారు నన్ను పిలిచారు. ఆయన ఈ ఊరి మనిషే.

"గా నీడ పని ఇడిసిపెడ్దమా అమ్మా? వాళ్ళకు నేను రాస్త."

"వద్దండి. ఒక్కరోజు పనే కదా, నేను చేయిస్తాను."

మా ఆయన మొదలుపెట్టి వదిలిన పని అదొక్కటే. అది తప్పు లేకుండా పూర్తి కావాలన్నదే నాకప్పుడు కావలసింది.

జూన్ ఇరవై ఒకటిన మబ్బు విడిచింది. పన్నెండు దాటాక ఏడో తరగతి పిల్లలు కర్ర చుట్టూ చేరారు. నీడ కురచబడుతూ వచ్చి బెత్తెడు కన్నా కాస్త ఎక్కువ దగ్గర నిలిచింది. రాళ్ళ వైపు కాదు, వెనక, దక్షిణం వైపు, ఉత్త మట్టి మీద.

"ఏందే, ఉల్టా పడ్డది?" అన్నాడు ఒకడు.

"నువ్వే ఉల్టా నిలబడ్డవేమో, చూస్కో," అంది పక్కపిల్ల. ఇద్దరు ముగ్గురు నవ్వబోయి నన్ను చూసి ఆగారు.

పెద్దసారు వచ్చి కర్ర వంగిందేమో అన్నారు. దారానికి రాయి కట్టి పక్కన వేలాడదీశాను. కర్ర నిటారుగానే ఉంది.

"వాళ్ళు పంపిన బొమ్మల నీడ ఉత్తరం దిక్కే ఉన్నది గద. గట్లనే రాయమ్మా. లేకుంటే సారు తప్పు చేసిండంటరు."

నా మంచికే అన్నారు. పోయిన మనిషి తన లెక్క తాను దిద్దుకోలేడని నాకూ తెలుసు. కానీ ఏ పిల్లవాడు చూడనిది రాసినా మా ఆయన ఒప్పుకునేవారు కాదు. మర్నాడు మళ్ళీ కొలిపించాను. మళ్ళీ దక్షిణమే.

"ఇది చలికాలం కాదు గద టీచర్. సూర్యుడు మన నెత్తి దాటి ఉత్తరం దిక్కు పోయిండు," అంది కొలబద్ద పట్టుకున్న పిల్ల.

చలికాలంలో చూసి పరిచిన రాళ్ళు జూన్ నీడకు సరిపోవని మా ఇద్దరికీ తోచలేదు. హాలెండులో మధ్యాహ్నపు నీడ ఏడాది పొడుగునా ఒకే వైపు పడుతుంది. అందుకే వాళ్ళకూ తోచలేదు.

దక్షిణం అని రాసి పంపాను.

దసరా సెలవుల ముందు జవాబు వచ్చింది. పెద్దసారు తరగతిలో చదివి తెలుగులో చెప్పారు. మొదట మా కొలతను నమ్మలేదట. గ్లోబు ముందు దీపం పెట్టి చూశాక నమ్మారట. లెక్క కుదిరింది. ఎండ ఉంటే డిసెంబరులో ఇంకోసారి కొలుద్దామని అడిగారు.

"రాళ్ళు తీసి దక్షిణం దిక్కు పెడ్దమా టీచర్?" అన్నారు పిల్లలు.

వద్దన్నాను.

డిసెంబరులో కొలిచాం. నీడ మొదటి రాయి మీదుగా, వరస తప్పకుండా సాగి, చివరి రాయికి కాస్త ఇవతల ఆగింది. పిల్లలు కొలబద్ద ఆనించి నా వైపు చూశారు. నేను అంకె రాసుకుని, దిక్కు దగ్గర ఉత్తరం అని రాశాను.