లోపల ఏమీ లేని డబ్బా

2016 వానాకాలంలో, భవానీపూర్‌లోని ఒక స్టూడియోలో సీనియర్ రికార్డిస్టుగా ఉండగా, నేను ఒక గిటారు వాయించేవాడికి అబద్ధం వినిపించాను. చెప్పడం కాదు, వినిపించడమే. తప్పు నాది. ఆ రోజు మాత్రం దాన్ని చమత్కారం అనుకున్నాను.

సీనియర్ రికార్డిస్టు అంటే కంట్రోల్ రూములో మిక్సింగ్ బల్ల ముందు కూర్చుని, ఏ ధ్వని ఎంత ఉండాలో తేల్చేవాడు. వాయించేవాళ్లు అద్దానికి అవతలి గదిలో ఉంటారు. మా మాట వాళ్లకు హెడ్‌ఫోన్లలోనే వినపడుతుంది. నా కింద ఝూమా అనే అసిస్టెంట్ రికార్డిస్టు ఉండేది. మైకులు అమర్చడం, తీగలు కలపడం ఆమె పని. నా మీద గౌరవం నటించడం కూడా.

మా వృత్తిలో ఒక పాత అలవాటుంది. పాట ఎంత బాగా వచ్చినా, ఏదో ఒకటి మార్పించకపోతే కొందరు నిర్మాతలకు తోచదు. అలాంటివారి కోసం బల్ల పక్కన ఒక డబ్బా ఉంచేవాళ్లం. ముందువైపు పెద్ద నాబ్, దాని పక్కన పచ్చలైటు. లోపల లైటు వెలగడానికి కావలసిన తీగ తప్ప ఇంకేమీ లేదు. "ఇంకొంచెం నిండుగా కావాలి దాదా" అని నిర్మాత అనగానే, నేను ముఖం గంభీరంగా పెట్టి నాబ్‌ను కొద్దిగా తిప్పేవాణ్ని. "ఇప్పుడు కుదిరింది!" అనేవాడాయన. నేనూ తలూపేవాణ్ని. అయితే దాన్ని వాయించేవాళ్ల మీద ప్రయోగించకూడదన్నది ఎవరూ రాయని నియమం.

ఆ గిటారు వాయించేవాడు సింహాచలం. నది అవతలి హౌరా నుంచి వచ్చేవాడు. వాళ్ల తాత శ్రీకాకుళం నుంచి రేవులో పనికి వచ్చినవాడు. మా నాన్నా అంతే, అందుకని నన్ను బాబాయ్ అనేవాడు. బ్యాండులో వాళ్లకు అతను సింఘోదా; బెంగాలీలో దాదా అంటే అన్న. అతనికి ఉన్నది ఒకటే ఎలక్ట్రిక్ గిటారు. ఒక వడ్రంగి చేత చెక్కించుకుని, తీగల కదలికను కరెంటుగా మార్చే అయస్కాంతపు చుట్టలు తనే చుట్టుకున్నాడు. అతను వెతికే ధ్వని కూడా ఒకటే.

"ఫెర్రీ లాంచీ కూత నీటిమీంచి వొచ్చినప్పుడు ఎలాగుంటాది బాబాయ్? గరగరమంటాది, గానీ చెవిలో గుచ్చదు. అదీ నాక్కావాల."

దాని కోసం ఎన్ని పెడళ్లు మార్చాడో! పెడల్ అంటే కాలితో నొక్కి ధ్వని మార్చుకునే చిన్న పెట్టె. ఆ రోజు అలాంటివి వరసగా పరిచి, వాయించిన ప్రతిదాన్నీ తనే వద్దనేశాడు. షిఫ్టు ముగియవస్తోంది. గాయకుడు తివాచీ మీద నిద్రపోయాడు. "ఈ గిటారులో లేదు బాబాయ్, ఆ కూత" అన్నాడు సింహాచలం నీరసంగా.

నాకు ఓపిక తక్కువ, గొప్ప ఎక్కువ. "ఉండు, ఒక డబ్బా ఉంది. అందరికీ పెట్టను" అన్నాను. ఝూమా తీగ వెతుకుతున్నట్టు బల్ల కిందికి దూరింది. పచ్చలైటు వెలిగించి, అద్దంలోంచి అతను చూస్తుండగా నాబ్ నెమ్మదిగా తిప్పాను. అతను రెండు స్వరాలు వాయించి ఆగిపోయాడు.

"బాబాయ్! ఏటిది? లాంచీ వొచ్చీసినాది!"

ఆ వెంటనే వాయించినదే పాటలో ఉండిపోయింది. వాళ్లు వెళ్లాక నేనూ ఝూమా టీ ఒలికేలా నవ్వుకున్నాం.

వారం పది రోజులకు ఝూమా నవ్వడం మానేసింది. సింహాచలం ఆ డబ్బా కోసం దుకాణాలన్నీ తిరుగుతున్నాడట. ఒక దుకాణదారు తన దగ్గర అలాంటిదే ఉందనీ, గిటారు ఇచ్చి పట్టుకుపొమ్మనీ అన్నాడట. గిటారు ఏదైనా ఒకటే, మాయంతా డబ్బాలోనే ఉందని ఇతను ఒప్పుకున్నాడట. దసరా పూజల కచేరీలకు ఎవరి గిటారైనా అడిగి తెచ్చుకుంటాడట.

"ఈ సాయంత్రమే ఇచ్చేస్తాడు. నవ్వండి దాదా, ఇప్పుడు నవ్వండి" అంది.

వీధిలో మోకాటి లోతు నీళ్లు. ప్యాంటు మడిచి ఆ దుకాణానికి వెళ్లేసరికి గిటారు కౌంటరు మీదికి చేరింది. దుకాణదారు దాన్ని వంకాయను చూసినట్టు తిప్పి తిప్పి చూస్తున్నాడు. నేను వగరుస్తూనే ఉన్నదంతా చెప్పేశాను. లోపల ఏమీ లేదు, లైటు తప్ప. సింహాచలం కంటే దుకాణదారు ముఖమే ఎక్కువ వాడిపోయింది, తన డబ్బా కూడా విప్పమంటామేమోనని.

"మరి నాకు ఇనపడ్డ కూతేటి?"

"నువ్వు వాయించిందే."

"నువ్వు నవ్వీసినావా?"

"నవ్వాను."

"ఝూమా కూడానేటి?"

"నాకంటే ఎక్కువ."

అతను గిటారును కౌంటరు మీంచి తీసుకున్నాడు. తర్వాత మేకుకు వేలాడుతున్న ఫారిన్ గిటారును చూపించాడు. "గోడవేపు తిరుగు బాబాయ్. నాదీ, అదీ వాయిస్తాను. ఏది ఏదో సెప్పు. అంత పెద్ద రికార్డిస్టువి కదేటి."

తిరిగాను. ఒకసారి వాయించాడు. ప్లగ్గు తీసి పెట్టిన చప్పుడు. మళ్లీ అదే వాయించాడు. "మొదటిది నీది, కాస్త ఊపిరాడనట్టుంది. రెండోది ఫారిన్‌ది. కింది తీగ నిండుగా, పై తీగ శుభ్రంగా ఉంది" అన్నాను.

"ఇంకా?"

"చెక్క బాగా ఆరింది. అది వినపడుతోంది."

దుకాణదారు పకపకా నవ్వాడు. వెనక్కి తిరిగితే ఫారిన్ గిటారు మేకు మీదే ఉంది.

"రెండూ నాదే. ప్లగ్గు తీసి మల్లీ దాన్లోనే పెట్టాను. సెక్క బాగా ఆరిందా బాబాయ్?"

గిటారును సంచిలో పెట్టి, పైన ప్లాస్టిక్ కప్పి, టీకి కూడా ఆగకుండా వెళ్లిపోయాడు.

నేనే హౌరా వెళ్లి బతిమాలాను. నా సెలవు రోజుల్లో, యజమాని అనుమతితో, అతన్ని స్టూడియోకి పిలిచాను. మేమిద్దరం గోడవైపు తిరిగి కూర్చుంటే, అతను ముందే వాయించి పెట్టిన ముక్కను ఆంప్లిఫయరులోకి వదిలి, ఝూమా ఒక్కొక్కటే మార్చేది. ఏం మార్చిందో మేము ఎంచుకునేదాకా చెప్పేది కాదు. చివరికి కూత దొరికింది. రెండు పెడళ్లు తీసేసి, మైకును స్పీకరు నడుమ నుంచి అంచుకు జరిపితే గుచ్చడం పోయి గరగర మిగిలింది. మొదటి రోజే నేను చేయాల్సిన పని అది. నాబ్ తిప్పినంత సులువు కాదు గనుక చేయలేదు. పూజల్లో అతను తన గిటారే వాయించాడు.

కంటికి ఏం చూపిస్తే చెవి అదే వింటుంది. ఈ విషయంలో వాయించేవాడికీ రికార్డిస్టుకూ తేడా లేదు. అప్పటినుంచి ఏ ధ్వని తేల్చాలన్నా బల్లకు వీపు పెట్టి వినడం మా గదిలో నియమం చేశాను.

డబ్బాను సింహాచలం ఎదుటే విప్పి చూపించాను. దాని మీద తెలుగులో నేను, బెంగాలీలో ఝూమా 'ఖాళీ' అని రాసి అంటించాం. నేను రిటైరయ్యేదాకా ఆ చీటీ అలాగే ఉంది. అయినా ఒకరిద్దరు నిర్మాతలు, "దాదా, ఆ ఖాళీ అన్నది కాస్త పెంచండి" అని అడిగారు.

పెంచలేదు.