వరుసలో చివరి కారు

మా ప్రొఫెసర్ గారు పోయారు. సోమవారం పొద్దున్నే ఆయన భార్య, మా ఆంటీ, ఫోన్ చేసి, "మీ అంకుల్ ఇక లేరమ్మా" అన్నారు. కెనడాలో మా ఊరు హాలిఫాక్స్‌లో ఆయన దగ్గర ప్రాచీన గ్రీకు చరిత్ర చదువుకున్నవాళ్లు ఎందరో. నేను ఆయన క్లాసులో ఒక్కరోజూ కూర్చోలేదు. అయినా ఆయన చెప్పిన ఒక గ్రీకు మాట నాకు జన్మలో మరుపు రాదు. ఫోన్ పెట్టేశాక మొదట పుట్టిన బెంగ, ఇక మా వెనకాల ఎవరుంటారని.

చలికాలంలో ఇక్కడి తెలుగువాళ్లం దూరం వెళ్తే కార్లన్నీ వరుసగా సాగాలన్నది ఆయన పెట్టిన పద్ధతి. చివరి కారు ఎప్పుడూ ఆయనదే. నేనొచ్చిన మొదటి చలికాలంలో, ఒక పుట్టినరోజు భోజనం నుంచి తిరిగొస్తుంటే నా కారు మంచులో జారి గుంటలో దిగబడింది. వెనక సీట్లో చంటిది గుక్కపట్టి ఏడుస్తోంది. ముందు కార్లవాళ్లు చూసుకోనే లేదు. అంతలో ఆయన కారు వచ్చి ఆగింది. పార పట్టుకుని దిగి, "భయమెందుకు తల్లీ, నేను వెనకాలే ఉన్నాగా" అన్నారు.

తర్వాతెప్పుడో అడిగాను. "ఎప్పుడూ చివరే ఎందుకు అంకుల్? పెద్దవాళ్లు మీరు ముందుండాలి కదా!"

"గ్రీకు సైన్యంలో ప్రతి వరుసకీ చివర ఒకడుండేవాడమ్మా. ఊరాగోస్ అనేవారు. అంటే తోకకు నాయకుడు. వెనకబడ్డవాణ్ణి ముందుకు నడిపేది, పారిపోబోయేవాణ్ణి ఆపేది వాడే. చేతగానివాణ్ణి అక్కడ పెట్టేవారనుకున్నావా? ఆరితేరినవాణ్ణి ఏరి మరీ పెట్టేవారు."

"అబ్బో! అంట్లు తోమే దగ్గర కూడా ఈయన ఊరాగోసే. అంతా అయిపోయాక వస్తారు" అని ఆంటీ చురక అంటించారు. ఆయన పకపకా నవ్వారు.

తలా ఒక వంటకం తెచ్చుకునే పాట్‌లక్‌లలోనూ అంతే. "అందరూ తిన్నారా?" అని అడిగాకే ప్లేటు తీసుకునేవారు. అప్పటికి పులిహోర మిగలదని మేం ముందే కాస్త దాచేవాళ్లం. "సైన్యంలో ఇలా దాస్తే శిక్షే" అంటూనే ఇష్టంగా తినేవారు. అలాంటి మనిషి నన్ను తల్లీ అని పిలిచారని నాకెంత గర్వమో!

అంత్యక్రియలకు బయలుదేరిన రోజున మంచు పడుతోంది. మొదటిసారి ఆయన అందరికంటే ముందు బండిలో ఉన్నారు. ఆంటీ కారెక్కబోతూ ఆగి, వెనక్కి తిరిగారు.

"చివర ఎవరున్నారమ్మా?"



"నేనున్నాను ఆంటీ" అన్నాను.

ఆవిడ నా చెంప నిమిరి కారెక్కారు. కార్లన్నీ కదిలేదాకా ఆగి, వాటి వెనక నేను బయలుదేరాను. మిట్ట ఎక్కే మలుపు దగ్గర ముందున్న కార్ల ఎర్రదీపాలు వరుసగా కనిపించాయి. ఒక్కటీ తప్పిపోలేదు.