ఆయన ఊపిరి కొలత

ఆఫీసులో అందరూ ఆవిడని కామా అక్క అనేవారు. నిద్ర పట్టనివాళ్ళు చెవిలో పెట్టుకుని వినే హిప్నాటిజం ఆడియోలు తయారుచేసే ఆఫీసు అది. మాటలు ఒక డాక్టరు రాసి పంపేవాడు. చదివేది కంప్యూటర్లోని గొంతు. చక్కటి ఆడగొంతే. కానీ ఆ మహాతల్లికి ఊపిరితో పనిలేదు కనక ఎక్కడా ఆగదు. మీ కనురెప్పలు బరువెక్కుతున్నాయి, మీ భుజాలు వదులవుతున్నాయి, మీరు మెట్లు దిగుతున్నారు అని బస్టాండులో మైకులా గడగడా చదివేస్తుంది. ఏ మాట తర్వాత ఎంతసేపు ఆగాలో రాతలో కామాల్లాంటి గుర్తులు పెట్టి ఆ గొంతుకి కళ్ళెం వెయ్యడం కామా అక్క పని.

మొదట్లో గడియారం చూసి పెట్టింది. ఎవరికీ నచ్చలేదు. ఆగాల్సిన చోట ఆగుతోంది గానీ మనిషి ఆగినట్టు లేదన్నారు. మనిషి ఎలా ఆగుతాడో ఆవిడకి ఇంట్లో దొరికింది.

ఆవిడ భర్త రాళ్ళు కోసి నునుపుపట్టే కార్ఖానాలో చాలా ఏళ్ళు పనిచేశాడు. రాతిపొడి ఊపిరితిత్తుల్లోకి పోయి అక్కడే గట్టిపడింది. డాక్టరమ్మ ఎక్స్‌రే ఫిల్మును వెలుతురుకి పట్టుకుని చూసి, "ఇది తగ్గేది కాదమ్మా. ఉన్నది ఉన్నట్టు ఎన్నాళ్ళుంటే అంత మంచిది. ఊపిరి పొట్టిదవుతోందేమో ఇంట్లో మీరే కనిపెట్టి చూస్తుండాలి" అంది.

"అయితే ఏం చెయ్యాలండీ?"

"అప్పుడు నాకు చెప్పండి."

చెయ్యడానికి ఏమైనా ఉంటే ఆ మాటేదో ఇప్పుడే చెప్పేది కదా అని ఆస్పత్రి మెట్లు దిగుతుంటే ఆవిడకి తట్టింది.

అప్పట్నించీ సగం పని ఇంటికి తెచ్చుకుంది. మధ్యాహ్నం భోజనమయ్యాక ఆయన కిటికీ పక్క మంచం మీద, వీపు వెనక దిళ్ళు ఎత్తుగా పెట్టుకుని కునుకు తీసేవాడు. ఆవిడ పక్కనే పీట వేసుకుని, ఒళ్ళో కంప్యూటరు పెట్టుకుని కూర్చునేది. ఒక వాక్యం పెదాల మీదే అనుకుని, ఆయన పొట్ట మీది దుప్పటి లేచి దిగేదాకా ఆగేది. అంతసేపూ విరామం. చిన్న వాక్యానికి ఒక ఊపిరి. మెట్లు దిగే చోట రెండు. "ఇక మీరేమీ చెయ్యక్కర్లేదు" అన్నచోట మూడు.

ఆ ఆడియోలు జనానికి బాగా నచ్చాయి. ఎవరో పక్కన కూర్చుని జోకొట్టినట్టుందని రాసేవారు.

"నా ఊపిరి అమ్ముకుని బతుకుతున్నావే నువ్వు" అనేవాడు ఆయన లేచాక.

"కొనేవాళ్ళుంటే మీ దగ్గు కూడా అమ్మేద్దును."

డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళిన ప్రతిసారీ ఆవిడది ఒకటే మాట: "అలాగే ఉందండీ. రోజూ చూస్తూనే ఉన్నాను కదా." అబద్ధం కాదు. మొగుడి ఊపిరిని పనిగట్టుకుని రోజూ కొలిచే ఇల్లాలు మరెక్కడుంటుంది? ఆ ధైర్యంతోనే అంది.

ఒకరోజు ఆఫీసుకి వెళ్ళేసరికి మేనేజరు పిలిచాడు. ఆవిడ తమ్ముడి వయసువాడు.

"అక్కా, ఇంట్లో ఏమన్నా హడావిడిగా ఉందా ఈ మధ్య?"

"ఏం బాబూ?"

"వినేవాళ్ళు గోల పెడుతున్నారు. వెనకపడి తరుముతున్నట్టుందిట. ఒకాయనైతే, మెట్లు దింపమంటే మెట్ల మీంచి తోసేశారని రాశాడు."

పక్క బల్లల దగ్గర నవ్వారు. ఆవిడా నవ్వింది. "నేనెప్పుడూ పెట్టే పద్ధతే పెట్టాను."

"అయితే మీరే వినండి."

మొదటి ఏడాది చేసిన మెట్ల ఆడియో ఒకటి, మొన్న చేసింది ఒకటి వినిపించాడు. అదే గొంతు, అవే మెట్లు. పాతదాంట్లో ఒక మెట్టు మీద కాలు పెట్టి, కుదురుకుని, అటూ ఇటూ చూసుకునేంత తీరిక ఉంది. కొత్తదాంట్లో కాలు ఆననే లేదు, రెండో మెట్టు దిగమంటోంది.

"మధ్యలోవి కూడా చూపించు బాబూ" అంది.

అతను వరసగా తెర మీద పరిచాడు. గొంతు పలికిన చోట గుట్టలు, ఆగిన చోట తిన్నటి గీత. ఒకదాని కింద ఒకటి ఆ గీతలు కురచవుతూ వచ్చాయి. ఎక్కడా హఠాత్తుగా తగ్గింది లేదు.

"చూశారా, మీకే తెలీకుండా తొందర ఎక్కువైంది" అన్నాడు. "పాత కొలతలే పెట్టి అన్నీ సరిచేసెయ్యండి."

"అలాగే" అంది. గ్లాసుతో నీళ్ళు ఇచ్చాడెవరో. తాగింది.

బస్సులో కూర్చుని, ఎప్పుడు మొదలైందా అని గుర్తు చేసుకోబోయింది. దొరకలేదు. చెయ్యి చాస్తే దుప్పటి తగిలేంత దగ్గరగా కూర్చుంది రోజూ. ఏ రోజు ఊపిరి ఆ రోజుకి సరిగ్గానే కొలిచింది.

ఇంటికి వెళ్ళేసరికి ఆయన దిళ్ళకి ఆనుకుని మెలకువగానే ఉన్నాడు.

"ఏమిటి, పెందరాళే వచ్చేశావు?"

"నేను చేసినవి తొందరగా ఉన్నాయిట. పాతవాటిలా పెట్టమన్నారు."

"అంటే ఉద్యోగంలోంచి నన్ను తీసేశారన్నమాట."

"ఊరుకోండి."

"ఊరుకున్నా ఆయాసమే."

ఆవిడ మంచం అంచున కూర్చుంది. "మీకు తెలుసా?"

"నా ఊపిరి నాకు తెలీదుటే?"

"మరి చెప్పలేదేం?"

"ఎదురుగా కూర్చుని లెక్కపెట్టేది నువ్వు. నీకు తెలిసే ఉంటుందనుకున్నా. నాతో అనడం ఇష్టంలేక ఊరుకున్నావనుకున్నా."

ఆవిడ లేచింది. వంటింట్లోకి వెళ్ళి, కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగింది.

మర్నాడు భోజనాలయ్యాక పీట వేసుకుని పాత కొలతలు ఎక్కించడం మొదలుపెట్టింది. డాక్టరమ్మకి ఏ మాటతో మొదలుపెట్టి చెప్పాలో ఆలోచిస్తూనే పని చేస్తోంది. ఆయన పడుకోలేదు.

"పైకి పెట్టు, నేనూ వింటా. ఇన్నాళ్ళూ నాచేత చాకిరీ చేయించుకున్నావు. ఒక్కసారి వినిపించిన పాపాన పోలేదు."

పెట్టింది. "ఊపిరి నిండా తీసుకోండి" అంది గొంతు. "మెల్లగా వదిలెయ్యండి." ఆగింది.

అది ఆయన ఊపిరే, మొదటి ఏడాదిది. ఆయన తీసుకున్నాడు, వదిలాడు. మళ్ళీ తీసుకున్నాడు, వదిలాడు. చిన్నగా దగ్గాడు. గొంతు ఇంకా రాలేదు.

"ఏమే, ఆవిడ ఎటు పోయింది? టీ తాగడానికా?"

"వస్తుంది. ఉండండి."

తర్వాతి ఊపిరిని ఆయన ఆ గొంతు కోసం బిగబట్టి చూశాడు. దుప్పటి లేచి, వణికి, గొంతు రాకముందే దిగిపోయింది.

"ఇక మీరేమీ చెయ్యక్కర్లేదు" అంది గొంతు.

అక్కడ మూడు ఊపిరులు. కామా అక్క మంచం వైపు చూడకుండా, పాత ఫైల్లో ఉన్న అంకె చూసి ఎక్కించింది.