బాపు తీసిన బిరడా

నా ఎమ్మెస్సీ ప్రాజెక్టు కల్లు మీద. కామారెడ్డి కాలేజీలో ఆ మాట చెప్పగానే క్లాసంతా పకపకా నవ్వింది. నవ్వితే నవ్వనీ! మా బాపు ఎల్లారెడ్డిలో ఈత చెట్లెక్కి కల్లు గీస్తాడు. కల్లు పట్టే కుండ, ఆ లొట్టి అడుగున పేరుకున్న మడ్డిలోంచే నా ఈస్ట్ కణాలను వేరు చేశాను.

ఒక కణం మొగ్గ తొడిగి రెండు కావాలంటే కొత్త పొర కావాలి, పొరకు కొవ్వు కావాలి. ఈస్ట్ ఆ కొవ్వును తనే తయారు చేసుకుంటుంది, కానీ అందుకు గాలి ఉండాలి. గాలి అందకపోతే ఒంట్లో ఉన్న కొవ్వు అయిపోయేదాకా పెరిగి ఆగిపోతుంది. బయటినుంచి కొవ్వు అందిస్తే పెరుగుతూనే ఉంటుంది. సోమవారానికల్లా ఇది చూపించకపోతే వేరే అంశం తీసుకోవాల్సిందేనని మా ప్రాజెక్టు మేడం తెగేసి చెప్పింది.

శుక్రవారం మూడు సీసాలకు బిరడాలు బిగించి, సంచిలో పెట్టుకుని ఇంటికి బస్సెక్కాను. ఒకదానిలో కొవ్వు కలిపాను, రెండింటిలో కలపలేదు. ఆ రెండూ ఒకేలా ఆగిపోవాలి.

ఆదివారం పొద్దున చూద్దును కదా, కొవ్వు కలపని సీసాల్లో ఒకటి మజ్జిగలా తెల్లబడింది. దాని మూతికి బిరడా లేదు, పల్చటి గుడ్డ కట్టి ఉంది!

"ఎవరు తీసిండ్రు దీన్ని?" ఇల్లు ఎగిరిపోయేలా అరిచాను.

"నేనే బిడ్డా," అన్నాడు బాపు. "మొన్న బుసబుసమన్నది. గంత గట్టిగ మూస్తె పగులుతదని..."

"నా ప్రాజెక్టంత నాశనం జేసినవ్ బాపూ!"

అన్నం కూడా తినకుండా, మూడు సీసాలూ సంచిలో వేసుకుని కామారెడ్డి బస్సెక్కాను.

సోమవారం ఏడుపు దిగమింగుకుని మైక్రోస్కోపులో చూశాను. మూసిన సీసాలో కణాలు ఎక్కడివక్కడే ఆగిపోయాయి. కొవ్వు కలిపిన దానిలో ఎటు చూసినా మొగ్గలే. బాపు ముట్టుకున్న దానిలోనూ మొగ్గలే! ఓర్నీ, గాలి తగిలింది కాబట్టి తన కొవ్వు తనే చేసుకుంది! బాపు తెరిచిన ఈ మూడో సీసా లేకపోతే నా రుజువు సగమే. మేడం రెండుసార్లు చూసి, "ఇదే అంశం కానీయ్," అంది.

వరండాలోకి ఉరికి బాపుకు ఫోన్ చేసి, ఊపిరి తీసుకోకుండా అంతా చెప్పేశాను.

"అయితె ఖరాబ్ గాలేదా బిడ్డా?"

"లేదు బాపూ! నీ వల్లనే గెలిచిన!"

"నిన్నటిసంది చెట్టెక్కలే. నీ సదువు నా చేతులతోనే చెడగొట్టిన అనుకున్న."

"ఇగ ఎక్కు బాపూ," అన్నాను. "సాయంత్రం బస్సుకు వస్తున్న. లొట్టి అడుగు మడ్డి పారబోయకు."