తుపాకి కింద, తాత పైన

మా బాపమ్మ సత్యవ్వకు ఒక సవతి ఉండేది. రెండు మూతులు, కట్టె పిడి, భుజానికి తోలు పట్టీ. ఇరవై ఆరేండ్లు మా తాత రాజమౌళి పక్కన పండుకున్నది అదే. సత్యవ్వ సిరిసిల్లల ఒక్కతే బీడీలు చుట్టుకుంట, కట్టకొక తిట్టు దాని పేరు మీద తిట్టి పెట్టేది.

తాత పద్మశాలి ఇంట్ల పుట్టిండు గని ఆయనకు బట్ట నేసే సాంచెల చప్పుడు పడలేదు. పందొమ్మిదేండ్లకు పటాలంల చేరి తుపాకుల చప్పుడు తెచ్చుకున్నడు. ఇదేం తెలివో ఇప్పటికీ ఇంట్ల ఎవలకు అర్థం కాలేదు. పదిహేడేండ్లు చేసి పించన్‌తోని ఇల్లు చేరితే, ఇగ మొగడు ఇంటిపట్టున ఉంటడని సత్యవ్వ కొత్త నులక మంచం అల్లిపిచ్చింది. ఆ మంచం మీద ఆయన నిండ ఆర్నెల్లు పండుకోలేదు. లైసెన్సు తీసుకొని, డబుల్ బ్యారెల్ తుపాకి కొని, పుణెల ఒక బ్యాంకు ముంగట గన్‌మన్‌గ నిలబడ్డడు.

సొంత తుపాకి ఉన్నోనికే ఆ కొలువు. సొంతదైనంక ఏడికి పోయినా ఎంట తీస్కపోవాలె, ఇంకొకల చేతుల పెట్టద్దు. అందుకే ఏడాదికి పది దినాలు తాత సెలవుల వస్తే అది కూడ వచ్చేది. లగ్గాలకు రమ్మంటే రాకపోయేది. తాతను పోనియ్యకపోయేది. "కొండగట్టుకు పోదాం రా" అంటే, "తూటాలు పట్టుకొని అంజన్న దగ్గెరికి పోతారే?" అనేటోడు. సత్యవ్వ ఒక్కతే గుట్ట ఎక్కింది, ఒక్కతే దిగింది.

నాలుగైదుసార్లు పుణె పోయి ఆయన ఎంట రైల్ల వచ్చింది. అదన్న సుఖమా అంటే అదీ లేదు. తాత తుపాకి సంచిని మోకాళ్ల నడుమ నిలబెట్టి, పట్టీని చేతికి రెండు చుట్లు చుట్టుకొని, పుణెల కూసున్నోడు సికింద్రాబాద్ దాక రెప్ప వాల్చకపోయేటోడు. ఆమె ఏం చెప్పినా "ఊఁ". కండ్లు మాత్రం పెట్టెల ఎవలెక్కిన్రు, ఎవలు దిగిన్రు అని తిరుగుతుండేటియి.

అట్ల తిరిగే కండ్లను చూసుకుంట అడిగే మాట కాదు గనుక, ఒక మాట సత్యవ్వ కడుపులనే ఉండిపోయింది. పదకొండేండ్ల కింద కోరుట్లల ఆమె తల్లి గంగవ్వ చచ్చిపోయింది. పోయే ముందు తాతను పేరువెట్టి తలుచుకుంట మూడు దినాలు కొట్టుకున్నది ముసల్ది. అల్లుడంటే అంత పానం. ఫోన్ చేస్తే తాత "సెలవియ్యలే" అన్నడు. దినాలకు కూడ రాలేదు. ఎందుకు రాలేదో ఎదురుంగ కూసోబెట్టి అడగాలె, ఆయన ఆమె మొకం చూసుకుంట చెప్పాలె. ఆ ఒక్క పూట కోసం సత్యవ్వ పదకొండు దసరాలు చూసింది.

ఈ దసరాకు తాతకు అరవై రెండు నిండినయి, పండుగ దినంతోని కొలువు ఒడుస్తది. తోలుకరానీకి పండుగకు ముందే సత్యవ్వ పుణె పోయింది. అక్కడున్నప్పుడు కొడుకు రాజేశ్ ఫోన్ చేసిండు.

"బాపూ, విమానం టికెట్లు తీసిన. అమ్మ మోకాళ్లతోని రైల్ల కూసోలేదు."

"మతి ఉండే తీసినవారా? తుపాకి పట్టుకొని విమానం ఎక్కితే నన్ను ఊకుంటరా?"

"అన్ని అడిగిన్నే. కౌంటర్ కాడ ముందుగాలనే చెప్పాలె. లైసెన్సు చూపియ్యాలె. తుపాకి ఖాళీగుండాలె, తూటాలు వేరే కట్టాలె. వాండ్లు చూసి, చీటి కట్టి, విమానం కడుపుల ఏస్తరు. హైద్రాబాద్‌ల దిగినంక మళ్ల నీ చేతికే ఇస్తరు."

"అంటే నా తాన ఉండదా?"

"ఉండది. అది కింద, నువ్వు పైన."

పొయ్యి కాడ ఉల్లిగడ్డ కోస్తున్న సత్యవ్వ కత్తి ఆగింది. "ఎంతసేపు రాజేశ్?"

"గంటంబావు అమ్మా."

గంటంబావు! ఖాళీ చేతుల మొగడు, పక్క సీట్ల, బెల్టు పెట్టి కట్టేసి! ఏడికీ లేచి పోనీకి లేదు. ఆమె ఆ రోజు కూరల ఉప్పు రెండుసార్లు ఏసింది, తాత "ఊఁ" అనుకుంట తిన్నడు.

దసరా నాడు బ్యాంకు బందున్నా తిజోరికి పండుగుండదు గనుక తాతకు డ్యూటీ పడ్డది. సిరిసిల్ల నుంచి కొంగున కట్టుకపోయిన జమ్మి రెమ్మలు పట్టుకొని సత్యవ్వ పొద్దుగూకిందాక గడపల కూసున్నది. పండుగ పూట జమ్మి ఆకు బంగారం. పెద్దల చేతుల పెట్టి కాళ్లు మొక్కాలె. తాత వచ్చిండు, బువ్వ తిన్నడు, తుపాకిని ఒళ్లె పండుకోబెట్టుకొని నూనెగుడ్డతోని తుడిచిండు, దానికి బొట్టు పెట్టిండు, పండుకున్నడు. బంగారం కొంగులనే మిగిలింది.

పండుగైన మూడు దినాలకు ప్రయాణం. తాత తానానికి పోయిండు. తుపాకి పెట్టె తెరిచి ఉన్నది. సత్యవ్వకు ఏం రోషం పుట్టిందో ఏమో, కొంగు ముడి విప్పి ఒక్కొక్క మూతిల ఒక్కొక్క రెమ్మ కుక్కింది. "తినవే! నువ్వే తిను!" అని పెట్టె మూసింది.

విమానాల అడ్డల కౌంటర్ పిల్ల, తాత చెప్పంగనే ఒక పోలీసాయనను పిలిచింది. ఆయన పక్కగదిలకు తీస్కపోయి లైసెన్సు చదివిండు, తూటాలు లెక్కవెట్టిండు, తుపాకిని నడుమ కీలు కాడ ఇరిచి, దీపం దిక్కు ఎత్తి గొట్టంల కన్ను పెట్టిండు. మళ్ల రెండో గొట్టంల పెట్టిండు.

"వెలుతురు కనవడ్తలేదు. ఏమున్నది దీంట్ల?" అన్నడు హిందీల.

తాత మొకం తెల్లవడ్డది. పటాలంల పదిహేడేండ్లు, బ్యాంకు కాడ ఇరవై ఆరేండ్లు, ఆయన తుపాకిని ఖరాబున్నదని అన్న మనిషి లేడు. "రాత్రే తుడిచిన సాబ్!"

"ఏమున్నదో తెల్వకుంట విమానం ఎక్కియ్య. కౌంటర్ బంద్ చేసే టైమైతున్నది, మీ ఇష్టం."

తాత ఒక్క క్షణం కూడ ఆలోచన చెయ్యలేదు. పట్టీ మీద చెయ్యి ఏసిండు. "సత్తెవ్వా, నువ్వు విమానంల పో. రాజేశ్ వచ్చి దించుకుంటడు. నేను దీన్ని పట్టుకొని రైల్ల వస్త."

సత్యవ్వకు గంటంబావు మొత్తం తన చేతులారనే పోతున్నది.

"నేనే పెట్టిన" అన్నది.

"ఏం పెట్టినవే?"

"జమ్మి."

"తుపాకిల జమ్మి పెడ్తారే ఎవలన్న?"

"నీ చేతుల పెడ్దామంటే నీ చెయ్యి ఎన్నడు ఖాళీగున్నది?"

తాత పోలీసాయనకు హిందీల ఎట్ల చెప్పాల్నో తెల్వక రెండుసార్లు దగ్గి, పెట్టెలున్న తుడిచే రాడ్ తీసి రెండు గొట్టాలల పొడిచిండు. అద్దమసొంటి నేల మీద చిన్నచిన్న ఆకులు రాలినయి. ఆకులు చూసినంక పోలీసాయనే ముందు నవ్విండు. "మా అమ్మ కూడ దసరాకు ఆకులే ఇస్తది. జేబుల పెడ్తది గని తుపాకిల పెట్టదు!"

తాత మోకాలు వంచి కూసున్నడు. ఎవలన్న తొక్కుతరని ఒక్కొక్క ఆకు ఏరిండు, కండ్లకద్దుకున్నడు, అంగి జేబుల పెట్టుకున్నడు. పండుగకు మూడు దినాలు ఆలస్యంగనైతేంది, సత్యవ్వ ఒంగి ఆయన కాళ్లకు మొక్కింది. పెట్టెకు చీటి కట్టి తీస్కపోయిన్రు.

అక్కడి నుంచి విమానం దాక తాత నడక చూసి తీరాలె. జాతరల పిల్లగాన్ని పోగొట్టుకున్నోని లెక్క దిక్కులు చూసిండు. లేని పట్టీని సదురుకోనీకి చెయ్యి మాటిమాటికి భుజం మీదికి పోయింది.

సీట్ల కూసున్నంక కూడ అదే రంది. "కింద సల్లగుంటదట. తుప్పు వడ్తదేమోనే."

"గంటంబావుల ఏం తుప్పయ్యా? ఇరవై ఆరేండ్లు నన్ను పారేసి పోతివి, నాకు పట్టలేదా?"

విమానం నేల ఇడిచింది. సత్యవ్వ అంజన్నను తలుచుకొని కండ్లు మూసి తెరిచింది. అద్దం అవుతల దూది ఏకినట్టు మబ్బులు. మొకం చూసుకుంట అడగాల్నని అనుకున్నది గని, మబ్బుల దిక్కే చూసుకుంట మొదలు వెట్టింది.

"మా అవ్వ పోయిననాడు నువ్వస్తవని గుమ్మంల చాప ఏసి పెట్టిన. బస్సు సప్పుడైనప్పుడల్ల లేసిన. నువ్వు..."

"ఊఁ" కూడ రాలేదు. తిరిగి చూస్తే తాత పండుకున్నడు. నోరు తెరుచుకొని, గుర్రు పెట్టుకుంట.

సత్యవ్వకు మండింది. గిచ్చుదామని చెయ్యి లేపింది. ఆ గడియల తాత తల జారి ఆమె భుజం మీద పడ్డది. ఎంత బరువు! కూసొని నిద్రపోయిన రాజమౌళిని ఆమె పెండ్లయిన కాడికెల్లి చూడలేదు. ఒళ్లె కుడిచెయ్యి ఎల్లెలకల పడి ఉన్నది, పట్టీ రాసి రాసి కాయలు కాసిన చెయ్యి. లేపిన చేతిని ఆమె దించుకున్నది. విమానం పిల్ల నీళ్లు తెస్తే, చప్పుడు చెయ్యకు అన్నట్టు వేలు చూపెట్టింది. భుజం తిమ్మిరెక్కింది. అద్దంలకెల్లి చూడాల్నంటే ఒంగాలె, ఒంగితే లేస్తడని ఒంగలేదు. అడగాల్సిన మాట అట్లనే ఉన్నది, గంటంబావు కరిగిపోయింది.

చక్రాలు నేలకు తాకంగనే తాత దిగ్గున లేసి మోకాళ్ల నడుమ తడుముకున్నడు. "తుపాకేది?"

"కిందున్నది. పారిపోదు."

అందరు లేసి సంచులు దించుకుంటున్నరు. తాత కూడ లేసి సందుల నిలబడ్డడు. సత్యవ్వ ఆయన మణికట్టు పట్టుకున్నది.

"జర కూసో."

"వాండ్లు దాన్ని తెచ్చి నిలబడ్తరే."

"నిలబడనియ్యి. నీ సంతకం లేంది ఎవలకియ్యరు. కూసో."

తాత తలుపు దిక్కు చూసిండు, ఆమె దిక్కు చూసిండు. కూసున్నడు.

"మా అవ్వ దినాలకు ఎందుకు రాలే నువ్వు?"

"సెలవు..." అని ఆగిండు. ఈసారి కండ్లు ఏడికీ తిరగలేదు. ఆమె మొకం చూసుకుంట అన్నడు, "సెలవిచ్చిన్రే. అప్పుడు ఎలక్షన్లుండె. తుపాకిని తీస్కపోవద్దు, ఠాణాల పెట్టి పో అన్నరు. ఠాణా గడప దాక పోయిన. పటాలంల నేర్పిందే అది గదనే, చేతిల నుంచి ఇడువద్దని. ఇడువబుద్ధి కాలేదు. మళ్లిపోయిన." అంగి జేబుల ఆకులను తడుముకున్నడు. "అత్తమ్మ నన్ను తలిచిందా?"

"మూడు దినాలు."

తాత తల దించుకున్నడు. సత్యవ్వ ఎన్నేండ్ల నుంచో దాచిపెట్టుకున్న తిట్లన్ని వెతికింది, సమయానికి ఒక్కటీ దొరకలేదు. విమానం ఖాళీ అయ్యింది. ఊడ్చేటోల్లు వెనుక దిక్కు నుంచి సీట్లు దులుపుకుంట వస్తున్నరు.

"ఇగ లే. నీ తుపాకి ఎదురు చూస్తది" అన్నది సత్యవ్వ.

తాత లేవలేదు.