నా పేరు మీద ఇటలీ చూసినవాడు

ఇది చదివాక నన్ను తిట్టాలనిపిస్తే నిరభ్యంతరంగా తిట్టండి. ఆ పనిలో నేను మీకంటే చాలా ఏళ్లు ముందున్నాను కాబట్టి కొత్త తిట్టు ఏదైనా తోస్తే నాకూ చెప్పండి. ఎక్కని లారీ ఎక్కానని, చూడని ఊళ్లు చూశానని కోతలు కోసే ఒక వెధవ, ఆ కోతలతో పక్కవాడి కొంప ఎలా ముంచాడో చెప్పబోతున్నాను. ఆ వెధవ పేరు రాజలింగం. సికింద్రాబాదులో కార్ఖానా అనే బస్తీలో కాపురం, కంటోన్మెంటు మెస్సులో సామాన్ల గుమాస్తా పని. అంటే నేనే.

రెండో ప్రపంచయుద్ధం చివరి రోజుల్లో మా దళం ఇటలీలో ఉండేది. నేను సామాన్ల గుడారంలో ఉంటే, మా కార్ఖానా వాడే అయిన ఖాజా దర్జీ గుడారంలో ఉండేవాడు. ఖాజా మామూలు దర్జీ కాదు, రఫూ పనివాడు. చిరిగిన చోట ఆ బట్ట లోపలి మడతలోంచే దారాలు లాగి, అతుకు ఎక్కడుందో కన్నతల్లి కూడా పట్టలేనట్టు అల్లేస్తాడు. ఖాళీ ఉన్న సిపాయిలను ఒక్కరోజు లారీలో తిప్పి, కొండల మీది పాత ఊళ్లు రెండు చూపిస్తామని పైవాళ్లు చెప్పారు. గైడు కూడా ఉంటాడట. చీట్లు తీస్తే అదృష్టం నాకు తగిలింది. లిస్టులో నా పేరు ఎక్కింది.

ఆ సంతోషంలో ముందురోజు సాయంత్రం స్టోరులోని డబ్బాపాలు రెండు డబ్బాలు తాగాను. తెల్లారేసరికి నా కడుపులో ఇంకో యుద్ధం షురూ అయింది. లారీ హారను కొడుతుంటే నేను ఎక్కడ కూర్చున్నానో చెప్పక్కర్లేదు. ఇటలీ దేశంలో నేను తీరిగ్గా చూసిన చారిత్రక కట్టడం మా క్యాంపు మరుగుదొడ్డి ఒక్కటే.

"ఖాజా, సీటు ఖరాబైతది. నా పేరు పిలిస్తే నువ్వు హాజర్ అను," అన్నాను తడిక వెనక నుంచి.

"నీకు తక్లీఫ్ గిట్ల ఉంటే నేనెట్ల పోత?" అన్నాడు వాడు.

"నువ్వు ఈడ నిలబడితే తగ్గుతదా? పో. చూసొచ్చి చెప్పు."

వాడు నా పేరుకు హాజరు పలికి వెళ్లాడు. పొద్దుగూకేసరికి తిరిగొచ్చి నా మంచం పక్కన కూర్చుని అంతా పూసగుచ్చినట్టు చెప్పాడు. మొదటి ఊళ్లో చౌరస్తా తాంబాళంలా మధ్యకు వాలి ఉందట. రెండో ఊళ్లో పద్నాలుగు రాతి బురుజులు ఉన్నాయట. పూర్వం ఆ ఊరి షావుకార్లు నాది ఎత్తంటే నాది ఎత్తని పంతాలకు పోయి కట్టుకున్నవట. గైడు ఒక ముసలాయన. మూసిన గొడుగు ఎత్తి పట్టుకుని ముందు నడిచాడట. బురుజు మెట్లెక్కుతుండగా ఒక కెప్టెను లాగు మేకుకు పట్టి, నర్సుల ముందే మోకాలి పైదాకా చిరిగిందట. ఖాజా ఆయన్ని మెట్టు మీద కూర్చోబెట్టి, టోపీ అంచులో ఎప్పుడూ గుచ్చుకుని ఉండే సూది తీసి, అక్కడికక్కడే రఫూ చేశాడట. "దర్జీ, నీ పేరేంది?" అని కెప్టెను అడిగితే, లిస్టు గుర్తొచ్చి "రాజలింగం సాబ్" అన్నాడట. ఆ మాటకు ఇద్దరం పడీ పడీ నవ్వుకున్నాం.

సికింద్రాబాదు తిరిగొచ్చాక, మా సందు మొగలోని ఇరానీ హోటల్లో ఇటలీ ఊళ్లు చూసింది నేనైపోయాను. మొదటిసారి నోరుజారింది, రెండోసారి రుచి మరిగింది. పద్నాలుగు బురుజులు నెలకు పది చొప్పున పెరిగి నలభై దాటాయి. గొడుగు గైడు నా భుజం మీద చెయ్యి వేసి నడిచాడు. రఫూ సంగతి మాత్రం వదిలేశాను, ఎందుకంటే నాకు సూదిలో దారం ఎక్కించడం రాదని హోటలంతటికీ తెలుసు. ఖాజా నా పక్కనే కూర్చుని సాసర్లో చాయ్ పోసుకుని తాగుతూ, ఏమీ తెలియనివాడిలా వినేవాడు. ఒక్కసారి మాత్రం చెవిలో, "లింగం, జెర బురుజులు తగ్గించు, ఊరు మునుగుతది," అన్నాడు.

తర్వాత నిజాం మీద పోలీసు యాక్షను వచ్చింది. నాలుగైదు రోజుల్లో అంతా తేలిపోయిందని రేడియో చెప్పింది గానీ, మా కార్ఖానాలో తేలింది ఏమీ లేదు. ఖాజా అన్న ఖాదర్ కోర్టు బయట చెట్టు కింద అర్జీలు రాసేవాడు. అడిగినవాడికల్లా రాసిచ్చాడు. ఎవడికో రాసిన కాగితం ఒకటి రజాకార్ల ఇంట్లో దొరికిందని ఫౌజువాళ్లు ఆయన్ని పట్టుకెళ్లి ఖైదీల క్యాంపులో పెట్టారు. ఊళ్లో వాళ్లందరికీ అర్జీలు రాసిన మనిషికి అర్జీ రాసేవాడు లేకపోయాడు. ఆయన భార్య, మా వదిన, ముగ్గురు పిల్లలతో ఖాజా ఇంటికి చేరింది.

"ఫౌజు ఆఫీసరు ఒక్కడు వీళ్లు మంచోళ్లని చిట్ఠీ రాస్తే ఇడుస్తున్రంట," అన్నాడు ఖాజా ఒక రోజు. "నన్ను కంటోన్మెంటు గేటు కాడ్నే ఆపుతున్రు. నువ్వు మెస్సుల ఉంటవ్ గదా. ఎవరన్న సాబ్‌ను అడుగు లింగం."

"ఒక్కటేంది, పది చిట్ఠీలు తెస్త," అన్నాను. అప్పటికి ఒక్క ఆఫీసరు కూడా నన్ను పేరు పెట్టి పిలిచి ఎరగడు.

సరిగ్గా రెండు రోజులకు పిలిచాడు. యాక్షను కోసం వచ్చిన దళంలోని మేజరు ఒకాయన మెస్సు హాజరు పుస్తకం తిరగేస్తూ నా పేరు దగ్గర ఆగి, నన్ను రమ్మన్నాడట. ఆయన హిందుస్తానీలో మాట్లాడాడు. ఆ మాటలు నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు, మీకోసం తెలుగులో చెబుతున్నాను.

"రాజలింగం అంటే నువ్వేనా? ఇటలీలో ఉన్నావా?"

"ఉన్న సాబ్."

"బురుజుల ఊరు చూడటానికి లారీలో వచ్చావా? ఎన్ని బురుజులు?"

"పద్నాలుగు సాబ్." జీవితంలో మొదటిసారి సరైన లెక్క చెప్పాను.

ఆయన లేచి నిలబడ్డాడు. "అప్పుడు నేను కెప్టెన్ని. నా లాగు రఫూ చేసింది నువ్వే. కొంచెం లావెక్కావు. మర్నాడే మా బెటాలియను కదిలింది, నీకు థాంక్స్ చెప్పడం కుదరలేదు. నువ్వేనా కాదా?"

పాఠకులారా, ఇక్కడ కాసేపు ఆగండి. నేను ఆగలేదు, మీరైనా ఆగండి. "కాదు సాబ్, అది ఖాజా. వాడి అన్న మీ క్యాంపులోనే ఉన్నాడు" అని ఒక్క ముక్క అంటే చాలు, ఆ రోజే ఖాదరన్న ఇంటికొచ్చి అన్నం తినేవాడు. కానీ మూడేళ్లుగా హోటల్లో ఒకే దారి తొక్కిన నాలుక ఆ దారినే పోయింది.

"నేనే సాబ్," అన్నాను.

పైగా మనసులో ఒక వంకర లెక్క వేశాను. ముందు నేను మంచి చేసుకుంటే, తర్వాత చిట్ఠీ అడగడం సులువు కదా అని. మేజరు నవ్వుతూ పెట్టె తెరిచి ఒక ఊలు లాగు తీశాడు. ఇటలీలో ఖాజా రఫూ చేసిన లాగు అదే. పాత రఫూకు బెత్తెడు కింద కొత్తగా చిరిగింది.

"ఇదీ నువ్వే చెయ్యి. రేపు పొద్దున్నే కావాలి. ఆ వెంటనే రైలుకు మేము ఉత్తరాదికి వెళ్లిపోతున్నాం."

లాగు చంకన పెట్టుకుని ఖాజా దుకాణానికి పరిగెత్తాను. "ఒక సాబ్‌ది. జెర మంచిగ చెయ్యి. చిట్ఠీ దీని మీదనే ఉంది," అన్నాను.

వాడు లాగు తిరగేసి, లోపలి మడత విప్పాడు. దారాలు లాగిన చోటు చూశాడు. పాత రఫూ మీద బొటనవేలు పెట్టి మెల్లగా రాశాడు.

"గిది నా చెయ్యి," అన్నాడు.

నేను గోడ మీద దారపు ఉండలు లెక్కపెట్టాను.

"సాబ్‌కు చెప్పినవా, ఎవరు కుట్టిన్రో?"

"రేపు చెప్త. నీ మీద ఖసం. లాగు చేతిల పెట్టి అంతా చెప్త."

వాడు నన్ను తిట్టి ఉంటే బాగుండేది. దారం తీసి పనిలో పడ్డాడు. లోపల్నుంచి వదిన, "లింగన్న వచ్చిండా? చిట్ఠీ దొరికిందా?" అని అడిగింది. "రేపు, వదినె," అన్నాడు ఖాజా తల ఎత్తకుండా.

మర్నాడు పొద్దున మేజరు వరండాలో పెట్టెలు కట్టిస్తున్నాడు. లాగు వెలుగుకు పట్టి చూసి, చిరుగు కనబడక మురిసిపోయాడు. "ఏం కావాలో అడుగు," అన్నాడు.

"నా దోస్తు అన్న క్యాంపులో ఉన్నాడు సాబ్. అమాయకుడు. మీరొక చిట్ఠీ రాస్తే..."

"నీ దోస్తును నేను చూశానా?"

"లేదు సాబ్."

"చూడని మనిషికి నేనెలా పూచీ పడతాను? అదే నీ సొంత అన్న అయితే ఇప్పుడే రాసేవాణ్ణి. నిన్ను నేనెరుగుదును."

నేను చేతులు జోడించాను. "సాబ్, తప్పైంది. రఫూ చేసింది నేను కాదు, వాడే. నా సీటులో వాడు వచ్చాడు. ఈ లాగు కూడా రాత్రి వాడే కుట్టాడు. నాకు సూది పట్టుకోవడమే రాదు."

మేజరు నా వంక చూశాడు. ఆ కళ్లలో కోపం లేదు. అంతకన్నా ఘోరమైనది ఉంది, మెచ్చుకోలు.

"స్నేహితుడి కోసం నీ పేరే వదులుకుంటున్నావా? నీలాంటి దోస్తు ఎవరికీ దొరకడు. కానీ ఆ రోజు లిస్టులో నీ పేరే చదివారు, నా చెవులతో విన్నాను. అబద్ధం మీద నేను సంతకం పెట్టలేను రాజలింగం."

నేను చెప్పిన అబద్ధాలన్నిటినీ లోకం నమ్మింది. చెప్పిన ఒక్క నిజాన్నీ త్యాగం కింద జమ కట్టింది. మేజరు గుమాస్తాను పిలిచి, నిలుచున్నపాటునే నాకొక సర్టిఫికెట్టు టైపు కొట్టించి, సంతకం చేసి, చెయ్యి కలిపి జీపెక్కాడు. ఖాజాను తీసుకొస్తానని జీపు వెనక గేటు దాకా పరిగెత్తాను. నేను వీడ్కోలు చెబుతున్నాననుకుని ఆయన చెయ్యి ఊపాడు.

దుకాణానికి వెళ్లి జరిగింది జరిగినట్టు చెప్పాను. ఖాజా సర్టిఫికెట్టు తీసుకుని, మడత పెట్టి, నా చొక్కా జేబులో తనే పెట్టాడు. "దాసుకో. నీకు పనికొస్తది," అన్నాడు.

ఖాదరన్న ఎనిమిది నెలలకు తిరిగొచ్చాడు. అప్పటికి కుడిచెయ్యి వణుకు పట్టింది. మళ్లీ ఒక్క అర్జీ రాయలేదు. రెండు కుటుంబాలకూ ఖాజా సూదే దిక్కయింది.

చాలాకాలం తర్వాత ఖాజా ఒకసారి హోటలుకు వచ్చాడు. అదే సమయానికి ఎవరో, "లింగన్నా, జెర ఇటలీ ముచ్చట చెప్పరాదు," అన్నారు. నేను లేచి నిలబడి, "ఇటలీ ఊళ్లు చూసింది నేను కాదు. ఖాజా చూసిండు. నేను పాలు తాగి పన్న," అన్నాను. అందరూ ఖాజా వైపు తిరిగారు.

ఖాజా సాసరు కింద పెట్టి మూతి తుడుచుకున్నాడు. "నేనేడికి పోయిన?" అన్నాడు. "లిస్టుల నీ పేరే ఉండె గదా." చాయ్ సగంలో వదిలి వెళ్లిపోయాడు. తిరిగిచ్చినా పుచ్చుకోలేని దాన్ని నేను వాడి దగ్గర తీసుకున్నానని ఆ రోజు తెలిసింది.

కాబట్టి ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయడమేమనగా: కార్ఖానా నివాసి రాజలింగం అనే నేను ఇటలీలో మరుగుదొడ్డి తప్ప మరేమీ చూడలేదు. ఇకమీదట ఒకరి ప్రయాణం నాదని చెప్పను, డబ్బాపాలు ముట్టను, ఏ లిస్టులోనూ నా పేరుకు మరొకర్ని హాజరు పలకనివ్వను. సాక్ష్యంగా మేజరు సర్టిఫికెట్టు నా ట్రంకు పెట్టెలో భద్రంగా ఉంది. ఈ మనిషి నమ్మకస్తుడు, పనిమంతుడు, ఆపదలో ఆదుకునేవాడు అని అందులో ఉంది. రాసిందంతా నిజమే, పేరొక్కటే తప్పు.