గంట వినపడని రౌండు

యూనివర్సిటీలో నేను ఎం.ఏ.లో మూడుసార్లు చేరి, మూడుసార్లూ మానేశాను. డిగ్రీ రాలేదు గాని, తార్నాక నుంచి ఆర్ట్స్ కాలేజీ దాకా నా కథ వినని టీకొట్టు లేదు. సగం కథల్లో హీరో మా బస్తీ కమలాకర్ అన్నే. సరిహద్దులో షెల్లు పేలితే ముక్కల్ని గాల్లోనే పట్టుకుని తిరిగి విసిరాడని చెప్పేవాణ్ణి. ఆయన భుజంలోంచి తీసిన ఇనుముతో లాలాగూడ వర్క్‌షాపులో ఒక రైలుపెట్టె చేశారని కూడా.

నిజం అంత పొడుగు లేదు. అన్న ఆ వర్క్‌షాపు ఫిట్టర్ గట్టయ్య కొడుకు, సైన్యంలో బాక్సర్. షెల్లు ఎడమ భుజాన్ని చీల్చింది, రెండు చెవుల వినికిడినీ పూర్తిగా తీసుకుపోయింది. పదకొండు నెలలు ఆస్పత్రిలో ఉండి, లాలాపేట్‌లోని ఇంటికి వచ్చి గోడవైపు తిరిగి పడుకున్నాడు. పెదాల కదలిక చూసి మాట పట్టడం ఆయనకు వచ్చు. ఎవరి ముఖమూ చూడకపోతే ఎవరి మాటా వినాల్సిన పని లేదు.

భార్య నవత ఒకరోజు పాత బాక్సింగ్ గ్లవ్స్ తెచ్చి, మంచానికీ గోడకీ మధ్య ఇరుక్కుని కూర్చుంది.

"లేస్తవా, వీటిని పారేయాల్నా?"

లేచాడు. క్యాంపస్ జిమ్‌లో మొదటి నెల ఎడమ చెయ్యి గడ్డం దాకా కూడా రాలేదు. వేలాడే ఇసుక బ్యాగును కొట్టి, నొప్పికి దాన్నే కరుచుకుని నిలబడేవాడు.

"ఏందన్నా, దాన్ని లగ్గం చేసుకుంటవా?" అనేవాణ్ణి. నా పెదాలు చూసి నవ్వేవాడు.

ఏడాది దాటాక సిటీ పోటీలకు పేరిచ్చాడు. "ఒక్క ఆట చాలురా. పోయినసారి బార్డర్ల నుంచి స్ట్రెచర్ మీద తెచ్చిండ్రు. ఈసారి నా కాళ్ల మీద నేను బయటికి రావాలె."

చెవుల సంగతి తెలిస్తే ఆడనివ్వరు. డాక్టర్ ఎదురుగా కూర్చుని అడిగినవాటికి, పెదాలు చూసి జవాబులు చెప్పేశాడు. మిగిలింది గంట. రౌండు ముగిసి గంట మోగగానే నేను రింగు అంచు మీద అరచేత్తో రెండు దెబ్బలు కొట్టాలి. చెక్కల అదురు ఆయన పాదాలకు తెలుస్తుంది. మూడు నెలలు అదే సాధన. అన్నకు గంట నేనే అని నాకు గర్వంగా ఉండేది.

పోటీ రోజు రెండో రౌండులో అన్నదే పైచేయి. నా వెనకాల హాస్టల్ పిల్లలు చేరారు.

"గీ అన్న నిజంగ బార్డర్ల కొట్లాడిండా?" అన్నాడొకడు.

నాకు అంతకంటే ఏం కావాలి. వెనక్కి తిరిగాను. నా కథలో అన్న భుజాన ఫిరంగి మోసుకుని మంచుకొండ ఎక్కుతున్నాడు. ఆ ఫిరంగి ఎంత పొడవో చేతులు చాచి చూపిస్తుండగా గంట మోగింది. విన్నాను. నా చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది.

అది కిందికి వచ్చేలోపు అన్న దెబ్బ వెళ్లిపోయింది. చేతులు దించి తన మూలకు తిరుగుతున్న ఎదుటివాడు అలాగే పడిపోయాడు. కాసేపటికి లేచాడు, బాగానే ఉన్నాడు. కానీ అన్నను ఆట నుంచి తప్పించారు. అనుమానం వచ్చి డాక్టర్ వెనక నుంచి రెండుసార్లు పేరు పెట్టి పిలిచాడు. అన్న తిరగలేదు. ఆ పిలుపుతో అసలు సంగతి బయటపడింది. ఇక ఎప్పటికీ రింగు లేదన్నారు.

ఆ మాట ఆయనకు ఎదురుగా నిలబడి నేనే చెప్పాల్సి వచ్చింది.

తార్నాక మెట్రో మెట్ల దగ్గర ఆగి, నా ముఖం చూశాడు.

"ఆ పోరగాళ్లకు ఏం చెప్తున్నవ్ రా?"

"నీ ముచ్చటనే అన్నా."

"ఆ ముచ్చట్ల నేను గెలిచిన్నా?"

"గెలిచినవ్."

తలూపాడు. ఆ తర్వాత నేను చాలా మాట్లాడాను. ఆయన ముఖం అటు తిప్పుకుని నడుస్తున్నాడు.